గుట్టల ఎల్లన్నకు మాట అందించిన రెండు రోజులు

2011 వేసవి మొదట్లో హైదరాబాదుకు చెందిన ఒక సీరియల్ కంపెనీ నన్ను ఒక పిల్లల ధారావాహికకు సౌండ్ రికార్డిస్టుగా తీసుకుంది. నెల రోజుల అవుట్‌డోర్ పని. భూపాలపల్లి దగ్గర అడవి అంచున బొగ్గు గని సెట్టు, జనగామ వైపు ఒక పాత కోట, బచ్చన్నపేట మండలంలో ఎండిపోయిన ఒక చెరువు. ఇప్పుడు వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ అప్పటికి అంతా వరంగల్ జిల్లానే. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బయల్దేరే ముందు ప్రొడక్షన్ మేనేజర్ మాకు ఇచ్చిన షెడ్యూలు కాగితంలో చివరి గడి పేరు ‘బంద్ అయితే’. దాని కింద ఏమీ రాసి లేదు.

గుట్టల ఎల్లన్న కథను ఆ చుట్టుపక్కల ఒగ్గు కథగా చెబుతారు. కోటలో దాచిన ధాన్యం ఊళ్లకు పంచినవాడు, వడిసెల రాయితో గుర్రాల దండును నిలిపినవాడు, చివరికి గుట్ట లోపలికి నడిచిపోయి మళ్లీ కనిపించనివాడు. మా రచయిత అక్కడి నుంచి ఎత్తుకున్నాడు. గుట్ట లోపల కాలం వేరుగా నడుస్తుందట. ఎల్లన్న అటు పోయి, ఇప్పటికి వందేళ్ల తర్వాతి లోకంలో ఒక బొగ్గు గనిలోంచి బయటికి వస్తాడు. ఆ లోకంలో వాన నీళ్లతో సహా ప్రతి చుక్కా ఒక కంపెనీది. గొట్టాలకు ఎగిరే యంత్రాలు కాపలా కాస్తుంటాయి. ఎల్లన్న వాటిని వడిసెలతో కూలుస్తాడు. ఎండిన చెరువే మాకు ఆ వందేళ్ల తర్వాతి లోకం. దానికి కళా దర్శకుడు పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది.

మా పని గురించి ఒక మాట చెప్పాలి. మన సీరియళ్లలో తెర మీద కనిపించే నటుడి గొంతు చాలాసార్లు అతనిది కాదు. లొకేషన్‌లో మేం రికార్డు చేసేదాన్ని పైలట్ ట్రాక్ అంటాం. తర్వాత స్టూడియోలో డబ్బింగ్ కళాకారుడు దాన్ని విని, బొమ్మలోని పెదవుల కదలికకు సరిపోయేలా అసలు గొంతు ఇస్తాడు. పైలట్ ట్రాక్ ప్రేక్షకుడి దాకా చేరదు. అందుకే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రోజు చివర రికార్డిస్టు సౌండ్ రిపోర్టు రాస్తాడు. ఏ టేకు బాగుంది, ఎక్కడ ట్రాక్టర్ చప్పుడు పడింది, మాటల్లో ఏమైనా తేడా ఉందా అనేవి అందులో ఉంటాయి. దాన్నీ చదివేవాళ్లు తక్కువే.

ఎల్లన్న పాత్రధారి కిరణ్ బెంగళూరు కుర్రాడు. తెలుగు రాదు. అలాంటి నటులకు సహాయ దర్శకుడు కెమెరా పక్కన నిలబడి మాట అందిస్తాడు, నటుడు విన్నది విన్నట్టు పలుకుతాడు. స్క్రిప్టులో ఎల్లన్నకు రాసింది కోస్తా వైపు మాట, కొంచెం పుస్తకాల వాసనతో. తెలంగాణ మాట మాట్లాడే పాత్ర కథ మొత్తంలో ఒకటే. అది చెత్త ఊడ్చే మరమనిషి. ప్రతిసారీ దారి తప్పి గోడకు గుద్దుకుని పిల్లల్ని నవ్విస్తుంది.

స్క్రిప్టు చదివినప్పుడు నాకు అది తెలిసింది. నేనేమీ అనలేదు. మాది మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గరి తండా. ఇంట్లో మా భాష వేరు. తెలుగు నాకు మానుకోట బడిలో తోటి పిల్లల నుంచి అబ్బింది. హైదరాబాదు స్టూడియోలలో ఆ తెలుగు మాట్లాడితే నవ్వారు. రెండేళ్లలో మార్చుకున్నాను. ఏ ఊరని ఎవరైనా అడిగితే హైదరాబాదనే చెప్పేవాణ్ణి.

భూపాలపల్లిలో గని సీన్లు అనుకున్నట్టే అయ్యాయి. బచ్చన్నపేట వైపు వచ్చిన రెండో రోజు దర్శకుడు మూర్తిగారు ఛానెల్ వాళ్లతో మాట్లాడ్డానికి సహాయ దర్శకుణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లారు. ఆ సాయంత్రమే రెండు రోజుల బంద్ ప్రకటించారు. దారులన్నీ మూసుకుపోయాయి. మూర్తిగారు ఫోన్ చేసి, షాట్లన్నీ ముందే కాగితం మీద గీసి ఉన్నాయి కనుక కెమెరామన్ మాథ్యూ తీస్తాడనీ, మాటలు మాత్రం నన్ను చూసుకోమనీ చెప్పారు. మాథ్యూది కేరళ. యూనిట్‌లో అప్పటికి తెలుగు చదవగలిగినవాళ్లలో పెద్దవాణ్ణి నేనే. స్క్రిప్టు పుస్తకం నా చేతికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పదిహేను మంది చెరువులోకి దిగి వచ్చారు. ముందు నడుస్తున్నావిడ పేరు స్వరూప. ఆ ఊరి బడిలో టీచర్, ఉద్యమ సంఘంలో ముఖ్యురాలు. కేకలు వేయలేదు. బంద్ రోజున పని ఎట్ల పెట్టుకున్నారని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగా అయిలయ్య ముందుకు వచ్చాడు.

అయిలయ్య ఒగ్గు కథకుడు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ మండలాల్లో ఎల్లన్న కథ చెబుతున్నాడు. మా సీరియల్‌లో రెండు పాటలు పాడటానికీ, ఒక ముసలి కాపరి వేషానికీ తీసుకున్నాం.

“గిది మన ఎల్లన్న కథ చెల్లె,” అన్నాడు. “బయటోళ్ల పని గాదు.”

“మన కథనే గానీ అన్నా, టీవీల మనోళ్లెప్పుడు దొంగలో, పనోళ్లో. ఎల్లన్న ఎట్ల మాట్లాడుతడు గిండ్ల?”

“మన లెక్కనే మాట్లాడుతడు. నాది పూచీ.”

సరేనంది ఆవిడ. వాహనాలు కదపొద్దు, పని చేసుకోన్రి అని చెప్పి తనవాళ్లను తీసుకుని గట్టు మీదికి వెళ్లి కూర్చుంది. అయిలయ్యకు స్క్రిప్టు సంగతి తెలియదు. కాపరి వేషం మాటలు అతనికి ఇంకా చెప్పలేదు. పుస్తకం నా చంకలో ఉంది.

మాట అందించడానికి మనిషి కావాలి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డర్ దగ్గర ఉండాలి కనుక ఆ పని చేయలేను. గట్టి గొంతు, ఒకసారి వింటే మరిచిపోని గుణం ఉన్నది అయిలయ్యకే. నేను ఒక్కో వాక్యం చదివి వినిపిస్తే అతను కెమెరా పక్కన నిలబడి కిరణ్‌కు అందించాలని ఏర్పాటు చేశాం.

మొదటి వాక్యం కంపెనీ కాపలాదారులతో ఎల్లన్న అనేది. ‘ఎవరు మీరు? ఈ నీళ్లను ఎందుకు బంధించారు?’ చదివి చెప్పాను. అయిలయ్య విన్నాడు. పుస్తకం వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు. మాథ్యూ కెమెరా ఆన్ చేశాడు. నా హెడ్‌ఫోన్లలో అయిలయ్య గొంతు వినిపించింది.

“ఎవ్వలురా మీరు? గీ నీళ్లకు తాళమెందుకేసిన్రు?”

వెనకే కిరణ్ అదే పలికాడు. అర్థం తెలియకపోయినా ఆ ఊపు పట్టుకున్నాడు. మాథ్యూ షాట్ బాగుందన్నాడు. నేను ఆపి, రాసినట్టు చెప్పమని అయిలయ్యను అడిగాను. రెండో టేకులోనూ అదే జరిగింది. మూడో టేకుకు ముందు అతన్ని లారీ నీడకు తీసుకెళ్లాను.

అతను గొంతు పెంచలేదు. “సారూ, నువ్వు సదివింది నాకు మంచిగనే యాదికున్నది. అది ఎల్లన్న మాట గాదు. ముప్పై ఏండ్ల సంది నేను ఆయనతోని మాట్లాడిపిస్తున్న.”

“స్క్రిప్టు మార్చే అధికారం నాకు లేదు,” అన్నాను.

“నేను మార్చుమంటలేను. నాతోని గాదంటున్న. పొద్దుగాల టీచరమ్మ అడిగినప్పుడు గీ పుస్తకం నీ చేతులనే ఉండె. నువ్వెందుకు చెప్పలే?”

నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. అతను, ఏ ఊరు సారూ మీది అని అడిగాడు. మానుకోట దగ్గర తండా అని చెప్పాను. ఆ మాట పనిచేసే చోట అనడం అదే మొదటిసారి. అతను ఆశ్చర్యపోలేదు. “మరి నీకెరికే గదా,” అన్నాడు అంతే.

నాకు మూడు దారులున్నాయి. అయిలయ్యను తప్పించి ఇంకెవరినైనా పెట్టడం. మూర్తిగారికి ఫోన్ చేయడం. అలాగే సాగనివ్వడం. మొదటిది చేస్తే గట్టు మీద కూర్చున్నవాళ్లకు విషయం తెలిసిపోతుంది, అయిలయ్య సొంత ఊళ్లో మాట తప్పినవాడవుతాడు. రెండోది చేస్తే ఆపమంటారు. నేను వెనక్కి వచ్చి రికార్డర్ ఆన్ చేశాను. భయమేసింది. దాంతోపాటు, ‘బుగులు పడకున్రి, నేనొస్తున్న’ అనే మాట హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు బడి రోజుల్లో విన్న ఆ మాటను మొదటిసారి ఒక వీరుడి నోట వింటున్నానని అనిపించింది. ఆ రెండు రోజుల్లో చెరువులో ఎల్లన్న సీన్లన్నీ పూర్తయ్యాయి. స్వరూప టీచర్ మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఉండి, తనవాళ్లను తీసుకుని వెళ్లిపోయింది.

రెండు సాయంత్రాలూ మూర్తిగారు ఫోన్ చేశారు. డైలాగులు ఎలా వచ్చాయని అడిగారు. స్పష్టంగా వచ్చాయి సార్ అన్నాను. శబ్దం మట్టుకు అది నిజమే. రిపోర్టు అడుగున మాత్రం ఇలా రాశాను: ‘సంభాషణలు స్క్రిప్టు ప్రకారం లేవు. స్థానిక యాస. బాధ్యత నాది.’ సంతకం పెట్టి టేపుల పెట్టెలో పడేశాను. ఎవరూ చదవరని నాకు తెలుసు.

పదిహేను రోజుల తర్వాత హైదరాబాదులో డబ్బింగ్ మొదలైంది. ఎన్నో పాత్రలకు గొంతు ఇచ్చిన అనుభవజ్ఞుడు వచ్చాడు. ఒక్కో ముక్క మళ్లీ మళ్లీ తిప్పుతూ డబ్బింగ్ చెబుతారు. ప, బ, మ పలికినప్పుడు పెదవులు కలుస్తాయి కనుక ముందు అవి సరిపోవాలి. ‘బంధించారు’ అని అతను అనేసరికి తెర మీద కిరణ్ నోరు తెరిచి ఉంది. స్క్రిప్టులోని ‘భయపడకండి’లో పెదవులు రెండుసార్లు కలుస్తాయి, ‘బుగులు పడకున్రి’లోనూ రెండుసార్లే, కానీ మధ్య ఎడం వేరు. గంటన్నర ప్రయత్నించి, ఈ కుర్రాడు వేరే ఏదో మాట్లాడాడు సార్ అని మూర్తిగారితో చెప్పి బయటికి వచ్చేశాడు.

మూర్తిగారు పైలట్ ట్రాక్ పెద్దగా పెట్టించుకుని మొత్తం విన్నారు. సౌండ్ రిపోర్టు తెప్పించుకుని చదివారు. ఆయనది గోదావరి వైపు. కోపిష్టి కాదు.

“రెండు రోజులూ ఫోన్ చేశాను కదా హరిలాల్ గారూ,” అన్నారు.

“చెబితే ఆపమంటారని చెప్పలేదు సార్.”

“ఆపమనేవాణ్ణేమో. కానీ ఆపాలా వద్దా అన్నది తేల్చాల్సింది నేను కదా.”

జరిగిందంతా చెప్పాను. నిర్మాత నన్ను అక్కడికక్కడే తీసేయమన్నాడు, మూర్తిగారు ఈ పని ముగిసేదాకా ఉండనివ్వమన్నారు. ప్రసారం తేదీ దగ్గరపడింది, కిరణ్ వేరే సినిమాకు వెళ్లిపోయాడు, మళ్లీ తీయడం కుదరదు. మూర్తిగారు ఒక పూట ఆలోచించి, ఎల్లన్న మొదటి నుంచి చివరి దాకా ఇదే మాట మాట్లాడతాడనీ, అయిలయ్యనే పిలిపించమనీ చెప్పారు. భూపాలపల్లి గని సీన్లలో ఎల్లన్న ముఖమంతా బొగ్గు మసి, వెలుతురు వీపు మీద. కోటలోవి దూరం నుంచి తీసిన షాట్లు. రెండు చోట్లా పెదవులు సరిగా కనిపించవు కనుక ఇబ్బంది రాలేదు. మిగిలింది మరమనిషి. దానికి పెదవులే లేవు, ఏ మాటైనా అతుకుతుంది, గ్రాంథికం పెట్టండి అన్నారు మూర్తిగారు. ఆయన నవ్వకుండానే అన్నారు.

అయిలయ్య బస్సులో వచ్చాడు. మొదటి రోజు ఒక్క ముక్క కూడా కుదరలేదు. తెర మీది పెదవుల కోసం కాచుకుని, అవి కదిలాక మాట ఎత్తుకునేవాడు. ప్రతిసారీ వెనకబడ్డాడు. చెమటలు పట్టి, ఇది తనతోని గాదని కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు నేను బొమ్మ ఆర్పేయించాను. చెరువులో అతను అందించిన మాటలే హెడ్‌ఫోన్లలో వినిపించి, వాటితోపాటు చెప్పమన్నాను. కిరణ్ ఆ ఊపునే క్షణం ఆలస్యంగా అనుసరించాడు కనుక, రికార్డు చేసినదాన్ని ఆ క్షణమంత జరిపితే పెదవులకు సరిపోయింది. నాలుగు రోజుల్లో పని ముగిసింది.

సీరియల్ వేసవి సెలవుల్లో ప్రసారమైంది. కొన్నిచోట్ల మెచ్చుకున్నారు, కొన్నిచోట్ల మాట అర్థం కాలేదన్నారు. ఛానెల్ రెండో భాగం తీయలేదు. అయిలయ్య తన ఒగ్గు కథలో ఎగిరే యంత్రాల ఘట్టం కలిపాడనీ, పిల్లలు అదే అడుగుతున్నారనీ తర్వాత తెలిసింది. నిర్మాత నా గురించి, విషయం దాచే మనిషి అని నలుగురికీ చెప్పాడు. దాదాపు ఏడాది పాటు నాకు అవుట్‌డోర్ పని రాలేదు. ఆ మాటను నేను ఖండించలేదు, ఎందుకంటే అబద్ధం కాదు. మళ్లీ మొదట పిలిచింది మూర్తిగారే. ఈసారి ఏదైనా తేడా వస్తే రాయకండి, ఫోన్ చేయండి అన్నారు.

ఆ రెండు రోజులు రికార్డర్ ఆపకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. చేసిన పద్ధతి తప్పు. అయిలయ్య తనకు ఇష్టం లేనిదాన్ని నా ముందు నిలబడి కాదన్నాడు. నేను నా అభిప్రాయాన్ని ఎవరూ చదవని కాగితం అడుగున రాసి, చెప్పేశాననుకున్నాను. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మైకు పట్టుకోవడం కంటే ముందు ఈ సంగతి చెప్పేవాణ్ణి. రిపోర్టులో ఏది రాయబోతున్నా, రాయడానికి ముందు అది వినాల్సిన మనిషి దగ్గరికి వెళ్లి నోటితో చెప్పి రావాలి.