పెద్దమ్మ లెక్కలో లేని మొక్క

నేను బయోటెక్నాలజీని రెండో ఏట వదిలేశాను. పాపం, ఆ శాస్త్రం ఇప్పటికీ కోలుకోలేదు. నేను కాలేజీ గేటు దాటుతుంటే ల్యాబులోని బాక్టీరియా అంతా గాజు మూతలకు అతుక్కుని నావైపే చూసిందని అటెండరు చెప్పాడు. అటెండరు అబద్ధమాడడు. ఇప్పుడు వ్యాను నడుపుతున్నాను. కానీ ఆ చదువులోని మాటలు నాకు అర్థమైంది మా పెద్దమ్మ దగ్గర. ఆవిడ చదివింది ఐదో తరగతి.

మా అమ్మకు అక్క ఆవిడ. పెనిమిటి పోయి పదేళ్ళు, పిల్లల్లేరు. ఒక విత్తనాల కంపెనీ ప్రయోగ క్షేత్రంలో పనిచేసేది. అక్కడ పండించేది జన్యువు మార్చిన మొక్కజొన్న. దాని పుప్పొడి మామూలు పంటతో కలవకూడదు గనక చుట్టూ మూడు వందల మీటర్ల మేర ఇంకో మొక్కజొన్న వేయకూడదు. దీన్ని ఐసొలేషన్ దూరం అంటారు. పెద్దమ్మ "ఎడం" అనేది. లోపలిది లోపలే ఉంచడం కంటైన్‌మెంట్. ఆవిడకు అది "గడప దాటనివ్వకపోవడం". మా ప్రొఫెసరు ఈ రెండు మాటలకు మూడు వారాలు తీసుకున్నాడు.

పంట కోసి కాల్చేశాక పనివాళ్ళంతా వేరే పొలానికి వెళ్ళిపోయారు. నిబంధన ప్రకారం ఖాళీ నేలను ఇంకో ఏడాది కనిపెట్టుకుని ఉండాలి. రాలిన గింజలు వాటంతటవే మొలుస్తాయి. వాటిని వాలంటీర్లంటారు. "పిలవని చుట్టాలు" అని పెద్దమ్మ పెట్టిన పేరు. పూత రాకముందే పీకి, లెక్క రాసి, గోతిలో కాల్చాలి. ఒక్కటి పూసినా ఏడాది మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలు. ఆ కాపలాకు కంపెనీ ఇద్దరిని పంపింది. ఒకడు వారం ఉన్నాడు, ఇంకొకడు రెండు రోజులు. చివరికి పెద్దమ్మ ఒప్పుకుంది.

కంచెను ఆనుకుని బయట ఒక గది. మంచం, స్టవ్వు, కిటికీ. కిటికీలోంచి చూస్తే ఏమీ లేని నేల. గేటు దగ్గర రిజిస్టరు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ పేరు, పని, ఎవరిని కలవాలో రాయాలి. పుస్తకమంతా ఒకే చేతిరాత. వారానికొకసారి సామాను దించినందుకు నా సంతకం. 'ఎవరిని కలవడానికి' అన్న గడిలో మొదట్లో "మొక్కల్ని" అని రాసేది. నాలుగో నెలకు మొలకలు ఆగిపోయాయి. అప్పట్నుంచి ఆ గడి ఖాళీ.

నేను వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఉండేది. మొదటి రెండు మాటలు బొంగురుగా వచ్చేవి. వారమంతా వాడని గొంతు మరి. నా వ్యానుకు అడ్డమొచ్చిన పులిని హారన్ కొట్టి క్యూలో నిలబెట్టిన సంగతి నేను చెబితే, "క్యూలో ఇంకెవరున్నార్రా?" అని అడిగేది. నమ్మి కాదు. కథ ఎంత పొడుగైతే నేను అంతసేపు ఉంటానని.

ఏడాది నిండింది. పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చి ముగింపు కాగితం మీద సంతకం పెట్టాలి. నేను తొమ్మిదింటికే వెళ్ళి ట్రంకు పెట్టె, పరుపు చుట్ట వ్యానులో ఎక్కించాను. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. ఇక మిగిలింది గది పక్కనున్న నీళ్ళ ట్యాంకు వెనక పాత నీడవలల కుప్ప. మడతపెడదామని లాగాను.

గోడకు ఆనుకుని, నా ఛాతీ ఎత్తున, మొక్కజొన్న మొక్క.

లోపలి మట్టి బయటికి పోకూడదని పెద్దమ్మ రోజూ గేటు లోపలే బూట్లు కడిగేది. ఆ నీళ్ళు గొట్టంలోంచి వచ్చేది ట్యాంకు వెనక గుంటలోకే. బూటుకు అంటుకున్న గింజ ఒకటి అలా చేరింది. ఏడాదంతా ఆవిడ సాళ్ళన్నీ గాలించింది. విత్తనం వేయని ఈ మూల లెక్కలోకే రాలేదు.

"ఇదేంట్రా?" నా వెనకనుంచి పెద్దమ్మ.

"ఏది? నాకేం కనపడట్లేదు" అంటూ పీకబోయాను.

"ముట్టుకోకు."

"ఇంకా పూయలేదులే పెద్దమ్మా. రెండేళ్ళు చదివినవాణ్ణి చెబుతున్నా."

"రెండో ఏడు పూర్తి చేశావా?"

"దాదాపు."

ఆవిడ తన నల్ల గొడుగు తెరిచి, తిరగేసి, మొక్క కొసన ఉన్న మగపూల గుత్తి కింద పట్టి వేలితో తట్టింది. నల్లగుడ్డ మీద పసుపుపచ్చ పొడి రాలింది.

"ఆయన రావడానికి ఇంకా పావుగంట ఉంది. గోతిలో పడేస్తే అయిపోయె" అన్నాను. "అమ్మ నీకోసం గది ఖాళీ చేసింది. నా డంబెల్సన్నీ బాల్కనీలోకి గిరాటేసింది."

"ఆ గది కిటికీ ఎటువైపు?"

"వీధివైపు. పొద్దున్నించీ ఒకటే గోల."

"గోలా..." అంది పెద్దమ్మ. ఎవరో తీపి పెట్టినట్టుంది ఆ మొహం. మళ్ళీ గొడుగులోకి చూసి, "ఈ పొడి ఎంత దూరం పోయిందో నీకు తెలుసట్రా?" అంది.

"తెలీదు."

"నాకూ తెలీదు. తెలీనిదాన్ని లేదని ఎలా రాయను?"

అధికారి వచ్చాక ఆవిడే తీసుకెళ్ళి చూపించింది. ఆయన మొక్క చుట్టూ రెండుసార్లు తిరిగి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇంకో మనిషిని పంపమని రాస్తానమ్మా."

"రాయండి బాబూ. వచ్చినవాడు నిలవాలిగా."

ఆయన ముగింపు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, 'మొదటి రోజు' అని రాశాడు. మొక్కతోపాటు గొడుగూ గోతిలో కాలిపోయింది. ట్రంకు పెట్టె నేనే దించాను. పొద్దున ఎక్కించినప్పటికన్నా బరువుంది. నా కండల సంగతి ఊరందరికీ తెలుసు, అయినా బరువుంది.

బయల్దేరబోతుంటే, "ఉండరా, ఆ పులి కథ చెప్పి వెళ్ళు" అంది.

ఆ రోజు క్యూలో ఎలుగుబంట్లు చేరాయి, ఏనుగులు చేరాయి, టికెట్ లేని మొసలి ఒకటి చేరింది. ఎంత సాగదీసినా సాయంత్రానికి అయిపోయింది.