పైన ఉన్నదే కొత్తది

మొన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో అడుగున ఒక చిన్న వార్త కనిపించింది. మనందరి ఫోన్లలోనూ ఉండే ఒక పెద్ద సోషల్ మీడియా సంస్థ (పేరు చెప్పి దానికింకా ప్రచారం చేసే ఉద్దేశం నాకు లేదు) ఒక కొత్త సదుపాయం తెచ్చిందట. ఇకమీదట ఎవరికి కావలసిన గ్రూపులను వాళ్ళు పక్కపక్కనే నిలువు వరసలుగా పెట్టుకుని, ఏ పోస్టు ఎప్పుడొచ్చిందో ఆ క్రమంలోనే చదువుకోవచ్చునట, ఇది వినూత్నమైన ఆలోచనట. నాకు ఒళ్ళు మండిపోయింది. పేపరు ఉండచుట్టి మూలకు విసిరేశాను. ఏమైందోనని మా ఆయన వంటింట్లోంచి తొంగి చూసి, నా ముఖం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. ఆ వినూత్నమైన ఆలోచన పన్నెండేళ్ళ కిందట తిరుపతిలో ఒక కంప్యూటర్ సెంటర్ వెనకగదిలో, నలభై ఎనిమిదేళ్ళ ఆడదానికి, అంటే నాకు, వచ్చింది. దాన్ని చంపింది ఈ సంస్థే. అయితే ఆ చావులో నా చెయ్యి కూడా ఉంది, ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది నగరి. ఇంటి ముందు భాగంలో నాయనకు నాలుగు మరమగ్గాలుండేవి. వాటి చప్పుడులోనే అక్కా నేనూ చదువుకున్నాం, పోట్లాడుకున్నాం, నిద్రపోయాం. నాయన ఆ నాలుగింటి మధ్యా ఒకేచోట నిలబడేవాడు, తల కూడా పెద్దగా తిప్పేవాడు కాదు, అయినా ఏ మగ్గం మీద పోగు తెగినా ఆయన చెయ్యి అప్పటికే అక్కడ ఉండేది. అన్నీ ఒక్క చూపులో పడేటట్టు నిలబడితే పరిగెత్తే పనుండదని అనేవాడు. డిగ్రీ అయ్యాక నేను పొద్దున్నే రైలెక్కి మద్రాసుకు పోయి ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళమని చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు గానీ మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళయి తిరుపతికి వచ్చాక ఆ ఉద్యోగం పోయింది, ఒక చిన్న కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాను. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు ప్రింటు తీయడం, ఇలా గడిచిపోతుంటే నేర్చుకున్న విద్య తుప్పు పట్టిపోతోందన్న బాధ మాత్రం లోపల ఉండేది. మన తరం ఆడవాళ్ళకు ఆ బాధ నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

అక్కను ఐరాలలో ఇచ్చారు. బావకు తోతాపురి మామిడితోట. మా వైపు ఆ కాయంతా జ్యూస్ ఫ్యాక్టరీలకే పోతుంది. చాలామంది పూతలోనే తోటను వ్యాపారులకు గుత్తకిచ్చేసి చేతులు దులుపుకుంటారు. బావ మాత్రం అలా కాదు, తన కాయ తానే కోయించి, తన ట్రాక్టరులో తానే ఫ్యాక్టరీకి తోలేవాడు, అదొక పంతం ఆయనకు. చిక్కల్లా ఏ ఫ్యాక్టరీ గేటు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో, ఎక్కడ క్యూ ఎంత ఉందో తెలియకపోవడమే, ఎందుకంటే తోతాపురిని ఒకసారి కోశాక మళ్ళీ చెట్టుకు అతికించలేం. ఫోన్లు వచ్చాక రైతులు ఆ సంస్థ యాప్‌లోనే ఫ్యాక్టరీకొక గ్రూపు పెట్టుకుని గేటు దగ్గరున్నవాళ్ళు అక్కడి సంగతి రాస్తుండేవాళ్ళు. కానీ ఆ సంస్థవారి పేజీ తెరిస్తే ఆ కబుర్లన్నీ సినిమా హీరోల పుట్టినరోజుల్లో, ఎవరిదో కొత్త కారు ఫోటోల్లో కలిసిపోయి ఉండేవి. తోటలో నిలబడి బావ వేలితో కిందికీ పైకీ తోసుకుంటూ తిట్టుకుంటుంటే నాకు నాయన నిలబడే చోటు గుర్తొచ్చింది.

మూడు నెలలు పట్టింది. సెంటరు పని ముగించుకుని వెనకగదిలో కూర్చుని రాసేదాన్ని. అప్పట్లో ఆ సంస్థ బయటివాళ్ళకు కూడా తాళంచెవి లాంటి ఒక పొడుగాటి అక్షరాల వరస ఇచ్చేది, అది ఉంటే వాళ్ళ పోస్టులను మన యాప్‌లోకి తెచ్చుకోవచ్చు. ఫోన్ అడ్డంగా తిప్పితే ఐదు వరసలు, మూడు ఫ్యాక్టరీలకు మూడు, వాన కబుర్లకొకటి, ఊరివాళ్ళదొకటి. ఏ వరసకు ఆ వరస తనంతట తాను కదులుతుంది, కొత్తది వస్తే పైన చేరుతుంది, పాతది కిందికి దిగుతుంది. బావను పక్కన కూర్చోబెట్టుకుని, తేదీలూ గంటలూ చూసుకోనక్కర్లేదు బావా, పైన ఉన్నదే కొత్తది, అంతే గుర్తుపెట్టుకో అని నేర్పించాను. ఆ సీజను ఒక్క రోజు కూడా బావ ట్రాక్టరు గేటు దగ్గర నిలవలేదు. ఐరాలలో ఎరువుల అంగడాయన కంప్యూటరు తెరను వీధివైపు తిప్పి ఆ ఐదు వరసలూ అందరికీ కనబడేటట్టు పెట్టాడు. కాణిపాకంలో టెంకాయలమ్మే ఒకావిడ యాత్రికుల బస్సుల కోసం వరసలు పెట్టుకుంది. నగరిలో మగ్గాలవాళ్ళు నూలు కబుర్ల కోసం పెట్టుకున్నారు. నేను వీధిలో కొంచెం తలెత్తుకుని నడవడం మొదలుపెట్టాను.

ఇక్కడ మావాళ్ళ అలవాటొకటి చెప్పాలి. లోకమంతా నచ్చితే బొటనవేలి గుర్తు నొక్కుతుందేమో గానీ, మా గ్రూపుల్లో ఆ వేలికి అర్థం వేరు. చూసినాను, తెలిసింది అని చెప్పడం అది. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం మనకు మర్యాద కదా, అలాగన్నమాట. ఎవరైనా పోయారని రాస్తే దాని కిందా వరసగా వేళ్ళే. వేలు నొక్కకపోతే, నేను రాసింది చూడనేలేదా అని మర్నాడు అలిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. కాబట్టి ఏ కబురు పాతబడితే దాని కింద అన్ని వేళ్ళు చేరేవి. ఇది నాకు తెలుసు. నాకు బాగా తెలుసు.

మరుసటి వేసవిలో ఆ సంస్థ నుంచి పిలుపొచ్చింది. బెంగుళూరులో ఒక చల్లటి హాలులో నాలాంటి వాళ్ళను కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టి, బొమ్మ వేసిన చొక్కా ఒకటి, అద్దం కట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. భోజనాలయ్యాక నాతో మాట్లాడిన అమ్మాయి తియ్యగా నవ్వుతూ ఒక షరతు చెప్పింది. ఇకనుంచి పోస్టులను వచ్చిన వేళ ప్రకారం చూపించకూడదు, ఎక్కువమంది మెచ్చుకున్నది పైన రావాలి, అలా ఒప్పుకుంటే మీ యాప్‌ను మా మంచి యాప్‌ల జాబితాలో పెడతాం, లేదంటే తాళంచెవి వెనక్కి తీసుకుంటాం అంది. మా ఊళ్ళో బొటనవేలంటే మెచ్చుకోవడం కాదమ్మా అని ఆ అమ్మాయికి చెప్పడానికి నాకెంతసేపు పడుతుంది? చెప్పలేదు. ఒళ్ళో ఆ అద్దం కట్టిన కాగితం ఉంది, ముప్పై ఏళ్ళుగా ఎవరూ నన్ను పిలిచి కూర్చోబెట్టి చప్పట్లు కొట్టలేదు. తల ఊపి వచ్చేశాను. పోస్టు కింద వేళ చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, చూసుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, శుక్రవారం సాయంత్రం మార్పు చేసేశాను. వచ్చే వారం ఐరాలకు పోతాను కదా, అప్పుడు బావకు చెప్పొచ్చులే అనుకున్నాను.

శనివారం పొద్దున బావ వరసలు తెరిచాడు. చిత్తూరు దారిలో ఉన్న ఫ్యాక్టరీ వరసలో అన్నిటికన్నా పైన, గేటు తీసినారు, క్యూ లేదు, కాయ తెచ్చుకోండప్పా అని ఉంది. అది గురువారం నాటి కబురు. దాని కింద ఊరందరి వేళ్ళూ ఉన్నాయి. బాయిలర్ చెడిపోయింది, గేటు మూసినారు, ఎవరూ రాబాకండి అని శుక్రవారం చీకటిపడే వేళ ఎవరో రాసింది ఎక్కడో అడుగున పడి ఉంది, అప్పటికి ఇద్దరు ముగ్గురే చూసి వేలు నొక్కారు. బావ కూలీలను పిలిచి, మిగిలిన తోటంతా కోయించి, రెండు ట్రాక్టర్లు నింపి బయలుదేరాడు. ఆయన మాట నమ్మి వెనక ఇంకో నలుగురు తోలుకుపోయారు. ఈపూట తీస్తారు, రేపు తీస్తారు అన్న ఆశతో మూసిన గేటు ముందు మూడు రోజులు నిలబడ్డారు. పగలంతా ఎండ, రెండో రోజు సాయంత్రం వాన. వేరే ఫ్యాక్టరీలవాళ్ళు తడిసిన కాయ వద్దన్నారు.

కబురు తెలిసి నేను పోయేసరికి రోడ్డు పక్క గుంటలో కాయ పారబోస్తున్నారు. ఆ పులిసిన వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. బావ ట్రాక్టరు చక్రం నీడలో కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టించుకోవడానికే పోయాను. ఆయన నన్ను చూసి ఫోన్ జేబులోంచి తీశాడు. ఇంత వయసొచ్చినా ఆయనకు నేను పాపనే.

"పైన గేటు తీసినారనే ఉన్నింది పాపా. నేనే సరిగ్గా సూసుకోలేదేమో. కండ్లు కూడా మునుపటి మాదిరి లేవు," అన్నాడు.

వెనకున్న నలుగురిలో ఒకాయన, సదవను రానోడి మాట నమ్మి వస్తిమే అని గొణిగాడు. ఆ మాట అందరికీ వినబడింది. అప్పుడైనా నేను నోరు విప్పాలి. బావ తప్పేం లేదయ్యా, నేనే పాతది పైకి తెచ్చినాను, చప్పట్లకు ఆశపడి తెచ్చినాను అని చెప్పాలి. బావకు మజ్జిగ తెప్పించి ఇచ్చి, ఊరుకున్నాను.

ఇంటికొచ్చి ఆ వెంటనే వరసలను పాత పద్ధతిలోకి మార్చేశాను. వారం తిరక్కుండా ఆ సంస్థ తాళంచెవి లాగేసుకుంది, ఫోన్లో ఐదు వరసలూ తెల్లగా ఖాళీగా మిగిలిపోయాయి. నేను రాసిన ఉత్తరాలకు యంత్రం జవాబిచ్చింది, మనిషి ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా నేను ఆ సంస్థను తిట్టని రోజు లేదు, తిట్టడానికి తగ్గ పనే చేసింది, అందులో నాకేమీ అనుమానం లేదు. కాయేమిటో, గేటేమిటో, ఎండలో నిలబడ్డం ఏమిటో తెలియనివాళ్ళు చల్లటి గదిలో కూర్చుని మా మనుషులు ముందు ఏది చదవాలో తేల్చేశారు. బావ ఆ ఫోన్ అమ్మేసి బటన్ల ఫోన్ కొన్నాడు. మరుసటి ఏడు పూతలోనే తోటను గుత్తకిచ్చేశాడు. ఇప్పటికీ గుత్తకే. మన తోట కాయ ఏ ఫ్యాక్టరీకి పోయిందో కూడా అడగడు అని అక్క అప్పుడప్పుడూ అంటుంది. కాగితం ఏదొచ్చినా ఆయన పక్కవాళ్ళ చేత చదివించుకుంటాడని కూడా అంది. నేను విని మాట మార్చేదాన్ని.

పేపరు విసిరేసిన రోజే మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఆ వార్త ఐరాలకూ చేరింది, నువ్వు చేసిందే కదే ఇది అంటూ బావ చేతికి ఫోనిచ్చింది. ఇదంతా మా పాప ఎప్పుడో చేసిందని అంగడి దగ్గర అందరికీ చెప్పి వచ్చాడట, గొంతులో ఎంత సంతోషమో. నేనింక తట్టుకోలేకపోయాను. బెంగుళూరు, చప్పట్లు, శుక్రవారం సాయంత్రం, మొత్తం చెప్పేశాను.

"ఆ పొద్దే చెప్పింటే నాలుగు తిట్లు తిట్టి మర్సిపోయుందును గదా పాపా," అన్నాడు బావ. "ఇన్నేండ్లూ నాకు సదవడం సరిగ్గా రాదనుకుంటా ఉండాను."

అంతే అన్నాడు. ఫోన్ అక్కకిచ్చేశాడు. అక్క ఏదో అడుగుతూనే ఉంది, నాకు వినబడలేదు. మన కాలంలో ఒక మనిషి తప్పుచేస్తే ఎవరు చేశారో, ఎక్కడ చేశారో ఊరికి తెలిసేది, పోయి ఆ ఇంటి ముందు నిలబడి అడిగేవాళ్ళు. ఇప్పుడు తప్పు ఏ దూరపు గదిలోనో జరుగుతుంది, దాని దెబ్బ తిన్నవాడు మాత్రం తన కళ్ళనే అనుమానించుకుంటాడు. ఆ సంస్థకు మా బావ ఎవరో తెలియదు. నాకు తెలుసు, ఆయన ఎదురుగా నిలబడి కూడా చెప్పలేదు.