రాజంపేట జట్కా పందెం, మా ఆయన సుడిశాస్త్రం

మా ఆయనకు బట్టల అంగడి ఉండేది గానీ, ఊరు ఆయన్ని గౌరవించింది బట్టలు చూసి కాదు, సుడులు చూసి. ఎద్దును కొనాలన్నా, ఆవును తోలుకురావాలన్నా రాజంపేట చుట్టుపక్కల రైతులు ముందు మా అంగడి మెట్లెక్కేవాళ్లు. ఆయన వెళ్లి ఆ పశువు వెంట్రుకలు ఎక్కడెక్కడ సుడి తిరిగాయో వెతికేవాడు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి లక్ష్మి, ఫలానా చోట ఉంటే యజమానికి గండం. తన అంగడిలో చీర రంగు రెండు ఉతుకులకు నిలుస్తుందో లేదో చెప్పలేని మనిషి, ఎవరి ఎద్దు ఎవరి కొంప ముంచుతుందో మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. ఇంత విద్య ఉన్న మొగుడు దొరకడం నా పూర్వజన్మ సుకృతమని మా అత్త అనేది.

అవి దొరల రోజులు, రెండో యుద్ధం ఇంకా రాలేదు. మా డివిజనుకు కొత్తగా వచ్చిన దొరకు మద్రాసులో గుర్రప్పందేలు చూసిన రుచి ఉంది. రాజంపేటలో గుర్రాలంటే స్టేషను దగ్గర జట్కాలకు కట్టేవే. సరే, అవే పరిగెత్తాలన్నాడు. రైలు స్టేషను నుంచి తాలూకా కచేరి దాకా, జట్కాకు కట్టి ఉండగానే పరిగెత్తించాలి. తోలేవాడు కాక బండిలో ఇంకొక మనిషి కూర్చుని ఉండాలి. గెలిచినవాడికి దొర చేతుల మీదుగా జరీ తలపాగా.

పందెం దొర పెట్టినా ఫలితం ముందుగా మా అంగడిలోనే తేలాలి కదా. ముందురోజు సాయంత్రం మా ఆయన ఉత్తరీయం సర్దుకుని, వెనక పదిమందిని వేసుకుని జట్కాల అడ్డాకు వెళ్లాడు. గుర్రాలు నాలుగు. ఒక్కదాన్నైనా పరిగెత్తించి చూడలేదు, నడిపించి కూడా చూడలేదు. మెడ కింద, నుదుటి మీద, కాళ్ల మీద వెంట్రుకలు దువ్వి దువ్వి చూసి తిరిగివచ్చాడు. మా ఇల్లు అంగడి వెనకే. తలుపు సందు నుంచి నాకు ఒక్క మాట పొల్లుపోకుండా వినపడుతోంది.

మొదట వచ్చేది తెల్లగుర్రమని చెప్పాడు. దాని గొంతు కింద దేవమణి అనే సుడి ఉందట, అలాంటి గుర్రం రాజుల లాయంలో ఉండాల్సిందట. ఆ రాజుల గుర్రానికి వయసు మళ్లి, నిలబడే నిద్రపోతుందన్న సంగతి స్టేషనుకు వెళ్లే పిల్లాపెద్దా అందరికీ తెలుసు. రెండోది ఎర్రగుర్రం. నుదుటి మీద జంటసుడి, యజమాని ఇంట్లో సంతానం వృద్ధి. మూడోది బూడిదరంగు గుర్రం. ముందరి కాలి మీద సుడి కిందికి తిరిగి ఉంది. అంటే గూటం పాతినట్టు, ఆ ఇంటి సొత్తు కదలదు. కోమట్లూ రెడ్లూ గుమాస్తాలూ ఆహా అంటూ విని, ఎవరికి నచ్చిన గుర్రం మీద వాళ్లు కండువాలూ కాఫీ ఫలహారాలూ పందెం వేసుకున్నారు. సంతానం పెరగడానికీ గుర్రం పరిగెత్తడానికీ సంబంధం ఏమిటని రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగాను. ఆడవాళ్లకు శాస్త్రం ఎక్కదన్నాడు.

నాలుగోదాని సంగతి ఎవరూ అడగను కూడా లేదు. అది ఒక సాయిబు ఆడగుర్రం. సన్నగా, చురుగ్గా ఉండేది. అంతకు ముందటి ఏడు కడపలో కొని తెచ్చుకుని, చెవులకు ఎర్ర కుచ్చులు కట్టి అడ్డాలో నిలబెట్టాడు. మా ఆయన అటుగా పోతూ దాని కంటి కింద సుడి చూశాడు. బొటనవేలు ఆనించి కొలిచి, కంటికి మూడు వేళ్ల లోపే ఉంది, కన్నీటిసుడి, ఎక్కినవాళ్లు ఏడుస్తారని తేల్చేశాడు. అంతే. ఆనాటి నుంచి మెయిలు వచ్చినా పాసింజరు వచ్చినా మూడు జట్కాలు నిండిపోయేవి, సాయిబు జట్కా ఖాళీగా ఉండేది. పెళ్లివాళ్లు ఎక్కరు, పురిటికి పోయేవాళ్లు ఎక్కరు, కోర్టు వాయిదాకు పోయేవాళ్లు అసలే ఎక్కరు. ఇంట్లో ముసలి తల్లి, పెళ్లాం, పిల్లలు. ముందు గుర్రానికి ఉలవలు పెట్టి తరువాత తాము తినేవాళ్లని సాయిబు పెళ్లాం మా పెరట్లో నీళ్లకు వచ్చినప్పుడు చెప్పింది.

నేను ఒకసారి ఆ జట్కాలోనే నందలూరు మా అక్క దగ్గరకు వెళ్లివచ్చాను. బండి కుదుపు లేకుండా పోయింది. కొన్నాళ్లయ్యాక మా ఆయనతో చెప్పి, ఏమైంది నాకు అన్నాను. ఫలం ఇంకా పండలేదన్నాడు. ఆ పైన మా ఇంట్లో పాలు విరిగినా, పిల్లి దాటినా అది నా నందలూరు ప్రయాణం ఫలమే.

సాయిబుకు ఈ పందెం ఒక్కటే ఆశ. దొర ముందు, ఊరందరి ముందు గెలిస్తే ఆ తరువాత జనం ఎక్కకుండా ఎలా ఉంటారని అతని లెక్క. అయితే బండిలో ఒక మనిషి కూర్చోవాలి కదా, ఎవరు కూర్చుంటారు? ఊరంతా అడిగాడు. తాను పెళ్లికి పిలిచి బిర్యానీ పెట్టినవాళ్లు కూడా నడుం నొప్పి అన్నారు. చివరికి అతని తల్లే, పళ్లు లేని ముసలామె, తెల్లదుప్పటి నెత్తిన కప్పుకుని ఎక్కి కూర్చుంది.

మా మిద్దె మీద నుంచి రోడ్డంతా కనపడుతుంది. ఆడవాళ్లమందరం అక్కడ చేరాం. దుమ్ము లేచింది. ముందు వస్తున్నది తెల్లదే. మా అత్త నా వైపు ఒక చూపు చూసింది. అంతలో మా అంగడికి ఎదురుగా ఉన్న కాఫీ హోటలు వచ్చింది. ఆ తెల్లగుర్రం తోలేవాడు రోజూ అక్కడ ఆగి కాఫీ తాగుతాడు. గుర్రం పద్ధతిగా వచ్చి హోటలు ముందర నిలబడింది. కొట్టినా కదలలేదు, తిట్టినా కదలలేదు, కళ్లు మూసుకుంది. బూడిదది అసలు స్టేషను దగ్గర నుంచే బయలుదేరలేదని తరువాత తెలిసింది. గూటంసుడి వల్ల సొత్తుతో పాటు గుర్రం కూడా కదలదని శాస్త్రంలో ఉందేమో, నాకు తెలియదు. ఎర్రది మాత్రం పాపం నిజంగానే పరిగెత్తింది. దాన్ని మా మిద్దె కిందనే సాయిబు గుర్రం దాటేసింది. ముసలామె బండి కమ్మీ రెండు చేతులా పట్టుకుని, దుప్పటి జారిపోయి, నోరంతా తెరిచి నవ్వుతోంది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. కన్నీటిసుడి ప్రభావమే అనుకోండి.

ఆ సాయంత్రం అంగడిలో మా ఆయన మొహం మాడుతుందని తలుపు సందు దగ్గర చేరాను. నా పిచ్చిగానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మొహం ఎప్పుడైనా మాడుతుందా? కన్నీటిసుడి పనిచేసింది కాబట్టే మిగతా మూడు గుర్రాలూ ఏడ్చాయన్నాడు. పరుగు వేరు, సుడి వేరన్నాడు. కండువాలు పోగొట్టుకున్నవాళ్లందరూ అవునవునని తలలూపారు. అంతకన్నా సిగ్గులేని సభ నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు సాయిబు జరీ తలపాగా కట్టుకుని స్టేషనుకు పోయాడు. రైలు దిగిన మావూరివాళ్లు తలపాగా బాగుందన్నారు, గుర్రం మెడ తట్టారు, పోయి ఎర్రగుర్రం జట్కా ఎక్కారు. ఎండాకాలం గడిచే దాకా అదే వరస. తలపాగా ముందు పోయింది, ఆ తరువాత పెళ్లాం మెడలో ఉన్నది పోయింది. చివరికి గుర్రాన్నీ బండినీ అమ్మకానికి పెట్టాడు. ఆ సుడి పుణ్యమా అని అడిగేవాడే లేడు.

కొన్నది మా ఆయన.

ముందే అనుకుని చేశాడని నేననను. అంత తెలివే ఉంటే మా అంగడి అలా ఉండేది కాదు. బేరానికి ముందు మళ్లీ ఒకసారి పదిమంది ఎదుట సుడి కొలిచాడు, ఈసారి చిటికెనవేలితో. కంటికి నాలుగు వేళ్ల పైనే వచ్చింది. అంత దూరం ఉంటే అది కన్నీటిసుడి కాదు, ధనసుడి, అప్పుడు వెలుతురు చాలక పొరబడ్డానన్నాడు. కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి గుర్రాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. తోలడానికి ఎవరు? ఆ గుర్రం మాట వినేది సాయిబు ఒక్కడిదే. అతన్నే జీతానికి పెట్టుకున్నాడు. వారం తిరగకముందే రైలు దిగినవాళ్లు శెట్టిగారి జట్కా ఏదని వెతుక్కుని మరీ ఎక్కడం మొదలుపెట్టారు. పెళ్లికూతుళ్లు ఎక్కారు, బాలింతలు ఎక్కారు.

ఒకనాడు మా ఆయనా నేనూ అందులో నందలూరు పోతున్నాం. సాయిబు ముందు కూర్చుని తోలుతున్నాడు. ఊరుకోలేక, నీకు శానా అన్యాయం జరిగిందప్పా, ఆ గుర్రానికి ఏ చెడ్డసుడీ లేదని ఇప్పుడు అందరికీ తెలిసింది కదా అన్నాను, మా ఆయనకు తగలాలనే. సాయిబు వెనక్కి తిరగలేదు.

"దానికి యాడిదమ్మా సుడి. నాకుండాది. నా చేతిలోనుంచి పోయినంక సూడు, అది ఎంత బాగుండాదో."

కోపంగా చెబుతున్నాడేమోనని చూశాను, కోపం లేదు. అతను నిజంగానే నమ్ముతున్నాడు. మా ఆయన నా మోకాలు తట్టాడు.

"సూసినావా," అన్నాడు సంబరంగా, "వాడే ఒప్పుకున్న్యాడు."