పత్తి లేని మెత్త

ఎమ్మిగనూరుకు కొత్తకోడలిగా వచ్చిన ఆ రోజుల్లో, మనశ్శాంతి కూడా పార్సిల్లో వస్తుందని నమ్మేదాన్ని. వయసు అలాంటిది. బడికి పోకుండా నాయన దగ్గరే చదువుకున్నదాన్ని. ఆయన తెల్లవారగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించమనేవారు. (ఆ ఒక్క అలవాటు ఇచ్చినందుకు ఇప్పటికీ రోజూ మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను.) అత్తగారింట్లో చెక్కపీట మీద కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని నోరు జారాను. మా ఆయన ఫోన్లో వెతికి, బౌద్ధులు ధ్యానానికి వాడే మెత్తను తెప్పించారు. గుండ్రంగా, ముదురు ఎరుపు రంగులో, చుట్టూ కుచ్చులతో, మీద చిన్న బుద్ధుడి బొమ్మతో ముచ్చటగా ఉంది.

అత్తమ్మ మాత్రం దాన్ని, చెప్పకుండా వచ్చి దిగిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. ఆమె పుట్టిల్లు ఆదోని. ఆ పత్తి మార్కెట్టు ఊళ్లో పెరిగిన మనిషికి మెత్త అంటే పత్తే. ఇదేమో ఒత్తితే గరగరమంటోంది. పైగా బుద్ధుడి బొమ్మ. దీని మీద కూర్చున్నవాళ్లకు ఇల్లూ సంసారం పట్టవని ఆమె తేల్చేసింది. అప్పటినుంచి నేను కళ్లు మూసుకోవడం ఆలస్యం, వంటింట్లోంచి ఏదో ఒక పని పురమాయించేది. వెంటనే పలికితే సరే. కాస్త ఆలస్యమైతే కొంగుకు చేయి తుడుచుకుంటూ వచ్చి నా ముఖంలోకి తొంగి చూసేది. (ఆమె ఊపిరి నా బుగ్గకు తగిలేది. గమనించడానికి నా ఊపిరికంటే అదే తేలిగ్గా ఉండేది.)

చివరికి ఆదోని నుంచి తమ్ముణ్ణి పిలిపించింది. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో పనిచేసే ఆయన్ని ఇంట్లో అందరం పత్తిమామ అనేవాళ్లం. మెత్తను రెండు వేళ్లతో నొక్కి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇది పత్తి కాదక్కా. లోపల ఏందో కదుల్తాంది."

కుట్టు విప్పారు. నల్లటి పొట్టు జలజల రాలింది. అది వడ్లది కాదు, కొర్రలది కాదు, జొన్నలది కాదు. పేరు తెలియని పొట్టు ఇంట్లోకి వచ్చిందంటే ఇంకేముంది! (అలాంటి మెత్తల్లో నింపేదే పొట్టని నాకు చాలా తర్వాత తెలిసింది.) లోపల తాయెత్తేమైనా ఉందేమోనని అత్తమ్మ మొత్తం చేటలో పోసి చెరిగింది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది. పత్తిమామ సంచిలో తెచ్చుకున్న పత్తిని అందులో కూరి కూరి, బిగించి కుట్టి, గెలిచినవాడిలా బస్సెక్కి పోయాడు. మర్నాడు కూర్చుంటే బంతి మీద కూర్చున్నట్టు పక్కకు దొర్లాను.

సర్దుకుని కళ్లు మూసుకున్నాను. వంటింట్లోంచి పిలుపు రాలేదు. కళ్లు తెరిచి చూద్దును కదా, గడప మీద ఎవరు కూర్చున్నా కసిరి లేపే మనిషి, తానే గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

"ఆ బొమ్మలో ఆయప్ప పెండ్లాన్నీ బిడ్డనీ నిద్దట్లో ఇడిసిపెట్టి పోయినాడంట గదా," అంది మెల్లగా. "నువ్వు పోయేదుంటే నాకు సెప్పి పోమ్మా."

"నేను యాడికి పోతానత్తా?"

ఆమె గడప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"ఆయప్ప గూడా అట్లే అనింటాడు."

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది కానీ, నేను లేచేదాకా గడప మాత్రం వదల్లేదు.

ఆ రోజు ఊపిరి మీద ధ్యాస ఒక్క క్షణమైనా నిలిచిందో లేదో చెప్పలేను. బంధాలు తెంచుకోవడమే ధ్యానమని అన్నీ తెలిసినట్టు కూర్చున్న ఆనాటి కొత్తకోడలు పిల్ల, తనను ఎక్కడికీ పోనివ్వకుండా ఒకరు దారికి అడ్డం కూర్చున్నారని లోలోపల ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు. కళ్లు మూసుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని మరీ మురిసిపోయింది.