హెలెన్ ఆంటీ అడిగిన ప్రశ్న

మొన్న ఒక పెళ్లికార్డు కవరు అంచును నాలుకతో తడిపినప్పుడు, ఆ జిగురు రుచికి చిన్నప్పుడు విదేశంలో, సెంబవాంగ్‌లో మేమున్న పాత ఫ్లాట్ గుర్తొచ్చింది. బడి అయ్యాక అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా పక్కింటి హెలెన్ ఆంటీ దగ్గరే ఉండేదాన్ని. ఆంటీది, వాళ్లాయన అంకుల్‌ది ఇంగ్లండు. ఒకరోజు అంకుల్ తన పోస్టల్ ఓటు కవరును నాచేత అంటింపజేసి, "ఆంటీ పార్టీకి వెయ్యలేదు. మనిద్దరి రహస్యం" అన్నారు. నాకు గర్వమనిపించింది.

ఫలితాల రోజు నేను వెళ్లేసరికి ఆంటీ టీవీ ముందు ఏడుస్తున్నారు. సర్వేలన్నీ గెలుస్తుందన్న ఆవిడ పార్టీ ఓడిపోయింది.

"అసలు వాళ్లకి ఎవరు వేశారు? మనకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరే" అన్నారు.

అంకుల్ తలూపారు. "నాకూ అర్థం కావడం లేదు."

ఆయన మరిచిపోయారేమో అనుకున్నాను. "మీరు వేశారు కదా అంకుల్? కవరు నేనే అంటించాను."

ఆంటీ టీవీ కట్టేశారు.

మరుసటి వారం నుంచి అమ్మ తను వచ్చేదాకా నన్ను బడిలోనే ఉంచింది. "ఆంటీకి ఒంట్లో బాలేదట, నాన్నా" అంది. ఇంగ్లండు ఎన్నికలు నావల్లే అలా అయ్యాయని చాలాకాలం అనుకున్నాను. ఆవిడ ఓటమిని తట్టుకునేవారని, పక్కన కూర్చున్న మనిషి ఆడిన అబద్ధాన్నే తట్టుకోలేకపోయారని పెద్దయ్యాక తెలిసింది. అంకుల్ మాత్రం ఆరోజు నావైపే చూస్తూ ఉండిపోయారు, ఆ గదిలో నమ్మకద్రోహం చేసింది నేనొక్కదాన్నే అన్నట్టు.