చేరాక ఇవ్వాల్సిన నాణెం

పై చదువుకు విదేశం బయలుదేరిన రోజు, శంషాబాద్ విమానాశ్రయం ద్వారం ముందు ఒక్కడినే నిలబడి పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఉత్తరం మళ్లీ సరిచూసుకుంటున్నాను. పక్కనే మామిడిపల్లి నుంచి వచ్చిన కుటుంబమొకటి దుబాయ్ వెళ్తున్న కొడుకును సాగనంపుతోంది.

"ఒక్కనివేనా బేటా? నీవోళ్లెవరు రాలేదా?" అని ఆ తల్లి అడిగింది.

"నేనే వద్దన్న అమ్మా, ఏడుస్తరని."

"ఏం సదువనీకి పోతున్నవ్?"

"చిన్నపిల్లల మనసుకు వైద్యం."

"అయితే ముందుగాల మావోన్ని చూడు. ముప్పై ఏండ్లొచ్చినా జిద్దు పోలే."

కొడుకు నవ్వాడు. అతని భుజానికి, నాణెం చుట్టిన ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. ప్రయాణం క్షేమంగా సాగాలని కట్టే ఇమామ్ జామిన్ అది. ఊడిపోతుందేమోనని ఆమె ఇంకొకటి కుట్టి తెచ్చింది. దాన్ని నా భుజానికి కట్టేసింది.

"మంచిగ చేరినంక ఇప్పి, గా పైసల్ ఎవరన్న గరీబోళ్లకియ్యి."

అక్కడ దిగాక భుజం నుంచి విప్పాను కానీ, నాణెం ఎవరికీ ఇవ్వలేదు. మన రూపాయి ఆ ఊళ్లో ఎవరికి అక్కరకొస్తుంది? చదువు పూర్తయి అక్కడే పిల్లల థెరపిస్టునయ్యాక, నాణెంతో సహా ఆ గుడ్డను నా బల్ల మీదే ఉంచుకున్నాను.

వేరే దేశం నుంచి వలస వచ్చిన ఒక పాప నా దగ్గరికి వచ్చేది. బొమ్మలు గీసేది, కబుర్లు చెప్పేది. వదిలి వచ్చిన ఇంటి మాటెత్తితే మాత్రం మూగబోయేది. ఒకరోజు ఆ గుడ్డ ఏమిటని అడిగితే, సంగతంతా చెప్పాను, నాణెం ఇంకా ఇవ్వలేదని కూడా.

"అయితే మీరింకా చేరలేదా?"

ముడి వేసిన ఆ తల్లి వేళ్లు గుర్తొచ్చాయి. "పూర్తిగా లేదు," అన్నాను.

"నేనూ చేరలేదు," అంది పాప. ఆ తర్వాత, వాళ్ల పాత ఇంటి తలుపు ఏ రంగులో ఉండేదో చెప్పడం మొదలుపెట్టింది.