కొండెక్కితే వేడెక్కే బండి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అందుకు నా కారణం నాకుంది. మా బందరులో చిలకలపూడి వైపు ఇప్పుడు చెలామణిలో ఉన్న దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పాత ఐస్ ఫ్యాక్టరీ వెనక తిరిగే తెల్లచీర ఆవిడ నాదే. రేవు దగ్గర పడవవాళ్ళను నిప్పు అడిగే ముసలాయన కూడా నాదే. ఒకసారి టీ కొట్టు దగ్గర ఎవరో కొత్తతను ఆ ముసలాయన కథ నాకే చెప్పి, "చీకటి పడ్డాక అటు వెళ్ళకండి బాబాయి గారూ" అని జాగ్రత్తలు చెప్పాడు. నా సరుకు నాకే అమ్మాడన్నమాట.

కాబట్టి ఇప్పుడు రాయబోయేది బందరులో ఒక్కరూ నమ్మరు. అందుకే నన్ను ఎరగని మీ కోసం రాస్తున్నాను. ఇందులో తెల్లచీర లేదు, చీకటి కూడా లేదు. పట్టపగలు, ఒక పాత కారు, దాని గేర్‌బాక్సు. అంతే.

నాది రోల్డ్ గోల్డ్ నగల వ్యాపారం. ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కలేకపోతుంటే కొన్నేళ్ళ కిందట ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాం. దానికి క్లచ్ ఉండదు. గేర్లు అవే పడతాయి. కుడికాలు ఒక్కటీ పనిచేస్తే చాలు, ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకున్నా బండి నడుస్తుంది. నేను అలాగే నడిపేవాణ్ణి.

మా ఆవిడ పద్మది దివిసీమలో కోడూరు. ఆమె పుట్టి పెరిగినచోట నేల పళ్ళెంలా ఉంటుంది. కాలవగట్టు మీద నేనెంత వేగంగా తోలినా కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయేది. అలాంటి మనిషి భయం నేను మొదటిసారి పాడేరు ఘాట్ రోడ్డులో చూశాను. మా అమ్మాయి లావణ్యకు అక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. దాన్ని చూడటానికి నెలకోసారి ఆ కొండ ఎక్కేవాళ్ళం.

లోయ ఎడమ పక్కకు, అంటే తను కూర్చున్న పక్కకు వచ్చినప్పుడల్లా పద్మ కుడికాలు ముందుకు చాచి కింద మ్యాట్‌ను గట్టిగా తొక్కేది. అక్కడేదో బ్రేకు ఉన్నట్టు.

"అక్కడేం లేదే. బ్రేకు నా దగ్గరుంది."

"మీ దగ్గరుండి ఏం లాభం? మీరు తొక్కరుగా. అందుకే నేను తొక్కుతున్నా."

"నువ్వు తొక్కితే ఆగుద్దా?"

"ఆగకపోతే మానె. నాకు ధైర్యంగా ఉంటది. మీరు రోడ్డు చూడండి."

ఎన్నిసార్లు ఎక్కినా అదే వరస. చివరికి ఆమె వైపు మ్యాట్‌కు మడమ ఆనేచోట చిల్లు పడింది. కొత్తది వేయిస్తానంటే వద్దంది. ఆ చిల్లులో కాలు బాగా కుదురుకుందట.

పోయిన ఏడాది వానలకు ముందు పద్మ పోయింది. పొద్దున కాఫీ ఇచ్చింది, మధ్యాహ్నానికి లేదు. గుండె అన్నారు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

కొన్నాళ్ళకు లావణ్య దగ్గరికి ఒక్కణ్ణే బయలుదేరాను. కొండ కింది దాకా బండి మామూలుగానే ఉంది. ఘాట్ మొదలైన కాసేపటికి లాగడం మానేసింది. ఇంజను అరుస్తోంది గాని బండి కదలడానికి మొరాయిస్తోంది. ఏదో మాడిన వాసన. ఎదుట గేర్‌బాక్సు వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. పక్కకు ఆపి, చల్లారేదాకా కూర్చుని, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆపి, ఎలాగో పైకి చేరాను. దిగేటప్పుడు ఏ గొడవా లేదు. బందరు వచ్చాక అసలే లేదు.

గుడివాడలో నాకొక మెకానిక్ స్నేహితుడున్నాడు, రాంబాబు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనుకుంటాం. వాడు గేర్‌బాక్సు ఆయిల్ తీసి వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏంటి బావా ఇది, ఆయిలా కషాయమా? కొండ మీద కూడా లివర్ 'డి'లోనే పెట్టి వదిలేశావా?"

"మరెక్కడ పెడతారు?"

"కింద 'ఎల్' అని ఉంది చూడు, లో గేరు. అది నీకు అందానికి పెట్టారనుకున్నావా? నీ తప్పేం లేదులే, మన జిల్లాలో ఎవడూ దాని మొహం చూసి ఎరగడు. మనకి ఎత్తెక్కడుంది?"

వాడన్నది నిజమే. ఎటు చూసినా వరిచేలూ చేపల చెరువులూ ఉండే ఊళ్ళలో లో గేరుతో ఎవరికి పని? ఎత్తు మీద ఆ గేరు వేయకపోతే లోపల ఆయిల్ మజ్జిగలా చిలికి వేడెక్కిపోతుందట. రాంబాబు ఆయిల్ మార్చాడు. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌లో పేరుకున్న మట్టి కడిగాడు. ఆ తర్వాత పరీక్ష చేయాలన్నాడు. పరీక్షకు కొండ కావాలి. మాకున్న కొండ పులిగడ్డ వారధి ఒక్కటే. డిక్కీలో ధాన్యం బస్తాలు వేసి, తన లావుపాటి బావమరుదులను ముగ్గురిని వెనక ఎక్కించుకుని, వాడే తోలుతూ వారధి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నేను వారధి మొదట్లో నిలబడి చూస్తున్నాను. అక్కడ జామకాయలు అమ్ముకునే ఆవిడ చాలాసేపు చూసి, ఉండబట్టలేక నన్నడిగింది.

"ఏవన్నా పారేసుకున్నారా అండీ, అన్నిసార్లు తిరుగుతున్నారూ?"

జవాబుగా జామకాయలు కొన్నాను.

ఆ రోజు బండి కొంచెం కూడా వేడెక్కలేదు. తర్వాతి నెల పాడేరు వెళ్ళాను. కొత్త ఆయిల్, లో గేరు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా మళ్ళీ అదే వాసన, అదే ఎర్ర దీపం.

ఈసారి రాంబాబు పౌరుషానికి పోయి నాతో బయలుదేరాడు. ఫోనులో గేర్‌బాక్సు వేడి చూపించే చిన్న స్కానర్ ఒకటి బండికి తగిలించాడు. ఘాట్ సగం దాకా వాడు తోలాడు, నేను వెనక కూర్చున్నాను. వేడి మామూలుగానే ఉంది. సగంలో స్టీరింగు నాకిచ్చి వాడు వెనక్కి వెళ్ళాడు. పద్మ పోయాక ఆ ముందు సీట్లో నేనెవరినీ కూర్చోబెట్టలేదు. వాడికి తెలుసు కాబట్టి వాడూ కూర్చోలేదు.

రెండు మలుపులు తిరిగేసరికి వేడి పెరగడం మొదలైంది.

"బావా, బ్రేకు మీంచి కాలు తియ్యి. ఫోన్లో కనబడిపోతోంది."

"ఏ కాలు? ఒకటి యాక్సిలరేటరు మీదుంది, ఒకటి సీటు మీదుంది. చూసుకో."

వాడు సీట్ల మధ్యలోంచి ముందుకు వంగి చూశాడు. నేనూ చూశాను. బ్రేకు పెడల్ రెండు వేళ్ళ మందం కిందికి దిగి ఉంది. దాని మీద ఏ కాలూ లేదు. మా ఎడమ పక్కన లోయ. మలుపు తిరిగి ఎడమ పక్కకు కొండ వచ్చింది. పెడల్ మెల్లగా పైకి లేచింది. మళ్ళీ లోయ వచ్చింది, మళ్ళీ దిగింది.

నా పాత అలవాటు ప్రకారమైతే ఇక్కడ మెట్టెల చప్పుడో మల్లెపూల వాసనో పెట్టేవాణ్ణి. అవేవీ లేవు. చిల్లు పడ్డ మ్యాట్ వైపు రెండు మూడుసార్లు చూశాను. అక్కడ ఏమీ కదల్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బండి ఆపించి రాంబాబు ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. అంటే బ్రేకు నిజంగానే పడుతోంది. బ్రేకు పట్టి ఉండగా ఎత్తు ఎక్కిస్తే ఏ గేర్‌బాక్సయినా ఉడుకుతుంది. రోగం ఏమిటో తెలిసింది. దాన్ని తెచ్చేది ఎవరో వాడికి చెప్పలేదు.

గుడివాడ వచ్చాక పెడల్ స్ప్రింగు, బ్రేకు బూస్టరు మార్చేశాడు. తర్వాత నాతో ఒకే మాటన్నాడు.

"బావా, ఇలా ఇంకో నాలుగుసార్లు ఉడికిందంటే గేర్‌బాక్సు పోయినట్టే. ఈ మోడల్‌కి మళ్ళీ దొరకదు. అమ్మేసెయ్. ఇంకో మాట. నేనక్కడ ఏం చూళ్ళేదు. నా గ్యారేజీకి దయ్యం పేరొస్తే రేపు నా దగ్గరికెవడొస్తాడు?"

లావణ్య కూడా అదే పోరు. "ఆ బండితో ఘాట్‌లో ఏమన్నా అయితే నేనేం కావాలి నాన్నా? అమ్మేసి బస్సులో రా."

కృత్తివెన్ను నుంచి ఒక రొయ్యల చెరువుల ఆసామి బండి చూడటానికి వచ్చాడు. అంతా నచ్చింది గాని, ఎడమ వైపు మ్యాట్ మార్చి ఇమ్మన్నాడు. ఇంజను కింద పాము కాపురం ఉందనీ, ఎండాకాలం మటుకు బయటికి రాదనీ చెప్పాను. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

బండి అమ్మితే పద్మను రెండోసారి పంపించినట్టు. అమ్మకుండా కొండెక్కితే, గేర్‌బాక్సు పోయిన రోజున ఎలాగూ అంతే. నా అవస్థ అది.

మళ్ళీ నెల ఒక్కణ్ణే వెళ్ళాను. లోయ ఎడమకు వచ్చిన మొదటి మలుపులోనే పెడల్ దిగింది. కొత్త స్ప్రింగు దాన్ని ఏమీ చేయలేదు. ఎందుకన్నానో తెలీదు, పైకే అన్నాను.

"పద్మా, మెల్లగా వెళ్తానే. ఒట్టు. భయపడకు."

అని వేగం తగ్గించాను. ఎద్దుబండి కన్నా కాస్త నయం, అంత మెల్లగా. పెడల్ లేచింది. ఆ తర్వాత ప్రతి మలుపు ముందూ నేనే తగ్గించుకుంటూ పోయాను. వెనక జీపులవాళ్ళు హారన్లు కొట్టారు, తిట్టారు. ఎర్ర దీపం వెలగలేదు. పైకి చేరేసరికి నాకు పండగలా ఉంది. మందు దొరికింది. బండి ఉంటుంది, ఆమె ఉంటుంది, నెలకోసారి ఇలా ఇద్దరం కొండెక్కుతాం. పక్కన కూర్చోబెట్టుకుని ఆమె ఇష్టప్రకారం నడపడం మా కాపురంలో అదే మొదటిసారి.

ఆ తర్వాతి నెల ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను.

మొదటి మలుపు. మెల్లగానే వెళ్తున్నాను, పెడల్ కదల్లేదు. మెల్లగా వెళ్తున్నాను కాబట్టి కాబోలు అనుకున్నాను. రెండో మలుపులో కొంచెం వేగం పెంచాను. కదల్లేదు. ఇంకొంచెం పెంచాను. లోయ అంచున టైర్లు కీచుమన్నాయి. ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఇంట్లో చెప్పే వచ్చావా?" అని అరిచాడు. పెడల్ మాత్రం ఉన్నచోటే ఉంది.

పైదాకా వెళ్ళి, లావణ్య ఇంటికి వెళ్ళకుండా బండి తిప్పి, కొండ కిందికి దిగాను. మళ్ళీ ఎక్కాను. లో గేరు కూడా వేయలేదు. బండి చల్లగా ఎక్కేసింది.

లావణ్య గేటు దగ్గరికి ఎదురొచ్చింది. "వేడెక్కలేదు కదా నాన్నా?"

"లేదమ్మా."

"హమ్మయ్య. రాంబాబు మావయ్య మొత్తానికి బాగుచేశాడన్నమాట" అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను ముందు చక్రం మీద చెయ్యి పెట్టి కాసేపు అక్కడే కూర్చున్నాను.

కొత్త స్ప్రింగు కుదురుకోవడానికి కొంత టైము పట్టి ఉంటుందని ఇప్పుడు రాంబాబు అంటున్నాడు. అయ్యుండొచ్చు. మరి లోయ ఎడమకు వచ్చినప్పుడే ఎందుకు పట్టిందంటే వాడు మాట మార్చేస్తాడు. అది ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. ఎందుకు పోయిందో అసలే తెలీదు. ఎన్నో కథలు అల్లిన నాకు దీనికి మాత్రం ఒక్క కారణం అల్లడం చేతకాలేదు.

నెలనెలా వెళ్తూనే ఉన్నాను. లోయ ఎడమ పక్కకు వచ్చిన ప్రతి మలుపులోనూ యాక్సిలరేటరు కాస్త ఎక్కువే తొక్కుతున్నాను. బండి బ్రహ్మాండంగా ఎక్కుతోంది.